మలక్‌పేట మైదానంలో ఒక శనివారం

నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట దారిన హైదరాబాదుకు వచ్చే మన పల్లె ప్రజలను, నగరం ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఇప్పటి పిల్లలు ఎల్బీనగరు అంటారు. నడివయస్సు వారు దిల్‌సుఖ్‌నగర్ అంటారు. ఇంకా పెద్దవారిని అడిగి చూడండి, మలక్‌పేట అంటారు. ఎండుమిర్చి బస్తాలో, ఉల్లిగడ్డ సంచులో లారీ మీద వేసుకొని, వాటి మీదనే కూర్చుండి, తెల్లవారక ముందే గంజికి చేరినవారు వారు. సరుకు దించి, తూకం వేయించి, ఆడతిదారు చీటీ జేబులో భద్రపరచుకొని, ఎదురుగా ఉన్న హోటల్లో ఒక టీ త్రాగి మరల ఊరి బస్సు ఎక్కేవారు. అంతే వారు చూచిన హైదరాబాదు. ముప్పది సార్లు నగరానికి వచ్చి ఒక్కసారి కూడా చార్మినారు చూడని రైతులు మా ఊరిలోనే ఉన్నారు.

గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మాలిక్ యాకూబ్ అనే సేవకుడు ఉండేవాడనీ, అతని పేరు మీదనే ఈ పేట వెలిసిందనీ చెబుతారు. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో మౌలాలీలో జరిగే గుఱ్ఱపు పందెములను తన మహలుకు దగ్గరగా ఉండాలని ఇక్కడికి మార్పించాడు. ఆ పందెపు మైదానము నేటికీ ఉన్నది, పందెములూ జరుగుచున్నవి. వాటి మూలాన పుస్తెలు అమ్ముకున్న ఇండ్లు మాకు తెలుసు గనుక ఆ గుఱ్ఱాల వైభవం గురించి ఇంతకంటె వ్రాయము.

దానికంటె మాకు నచ్చిన చోటు వేరే ఉన్నది. కొంచెం తూర్పుగా పోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట వస్తుంది. అక్కడ రేమాండ్ అనే ఫ్రెంచి సేనాని సమాధి ఉన్నది. రెండవ నిజాము సైన్యానికి తుపాకీ పట్టడం, ఫిరంగి పోత పోయడం నేర్పిన మనిషి అతడు. 1798 మార్చి 25న ఇక్కడే చనిపోయాడు. మొస్యో రేమాండ్ అనే పేరు మనవారి నోరు తిరగక హిందువులకు మూసా రాముడు అయ్యాడు, ముసల్మానులకు మూసా రహీము అయ్యాడు. ఆ ప్రక్క పేటకు మూసారాంబాగు అనే పేరు అలాగే నిలిచిపోయింది. సముద్రాలు దాటి వచ్చిన మనిషిని ఈ నేల తన మనిషిగా చేసుకున్న తీరు చూడండి. ఈ వ్యాసంలో అలాంటి వారిని గురించే మరికొంత చెప్పవలసి ఉన్నది.

అయితే మేము మొన్న కార్తీక మాసంలో మలక్‌పేట వెళ్ళినది సమాధి చూడడానికి కాదు. మా ఇద్దరిలో ఒకరికి తమ్ముడూ, ఇంకొకరికి బావమరిదీ అయిన వాని కొడుకు అక్కడ హాస్టల్లో ఉండి ఇంటరు రెండవ సంవత్సరం చదువుచున్నాడు. తండ్రికి నాలుగెకరాల చెలక, పత్తి వేస్తాడు. ఒక రాత్రి ఫోను చేశాడు. “అక్కా, బావా, మీరొక్కసారి పోయి చూసి రండి. వాడు శనివారం, ఆదివారం బంతాట అని తిరుగుతున్నడట. ఆదివారం గుడికి పోతున్నడో లేదో దేవునికి తెలుసు. బర్రెను అమ్మి ఫీజు కట్టిన. రేపు కాలు విరుగుతే నేనేం గావాలె? మానుమని మీరే చెప్పాలె. మీ మాటైతే వింటడు.” చెబుతామని మాట ఇచ్చాము.

ఎల్బీనగరులో బస్సు దిగి మెట్రో రైలు ఎక్కాము. ఈ దారిన రైలు నడవడం 2018 సెప్టెంబరు 24న మొదలైనది. ఇదివరకు గంట పట్టే దూరం ఇప్పుడు పావుగంట. పై నుండి చూస్తే మేడల మధ్య అక్కడొక చెట్టు, ఇక్కడొక మసీదు మినారు కనిపిస్తాయి గాని, పిల్లలు ఆడుకొనే ఖాళీ జాగా మాత్రం వెదుక్కోవలసినదే. మూసారాంబాగు దాటేవరకు మేము లెక్కపెట్టినవి రెండు. వాటిలో ఒక దానిలో కార్లు నిలిపి ఉన్నవి.

హాస్టలు కాపలాదారు మమ్ములను చూచి, “ఆట కాడికి పోయిండు సార్” అని దారి చెప్పాడు. రెండు సందులు తిరిగి, ఒక పాత బడి గోడ ప్రక్కన నడిస్తే మైదానం వచ్చింది. గడ్డి ఎక్కడా లేదు, అంతా ఎఱ్ఱమన్ను. ఒక మూల వాన నీరు నిలిచి పిడుచగట్టిన బురద. గోలు స్తంభాలు ఇనుప గొట్టాలు, ఒక దానికి వల ఉన్నది, రెండవదానికి వలకు బదులు పాత దోమతెర కట్టారు. సున్నపు గీతలు ఆ ఉదయమే గీచినట్టున్నది. గోడ పొడవునా మనుష్యులు కూర్చున్నారు. బురఖా వేసుకున్న తల్లులు, సైకిలు ఆపి ఒక కాలు నేల మీద ఆనించి చూచే పాలవాడు, బఠాణీలు అమ్మే ముసలివాడు. పెద్ద పోటీ కాదు. నాలుగు జట్లు, రెండు శనివారాలు. గెలిచినవారికి ఒక కప్పు, అందరికీ భోజనము.

ఆ జట్లలో ఒకటి సిక్కు పిల్లలది. పదకొండుగురిలో తొమ్మిదిమంది తల మీద జుట్టు ముడివేసి, దాని మీద నీలం రంగు గుడ్డ బిగించి కట్టుకున్నారు. ఆ చిన్న గుడ్డను పట్కా అంటారు. చేతి కడియం ఎదుటివానికి తగలకుండ కొందరు దాని మీద మెత్తని గుడ్డ చుట్టుకున్నారు. మాకు ఆశ్చర్యం కలిగించినది వారి వేషం కాదు, వారి భాష. “అరే, ఇటు కొట్టురా, ఖాళీ ఉన్న!” అని ఒకడు అరుస్తున్నాడు. మన ఊరి చెరువు గట్టు మీద అరిచినట్టే ఉన్నది.

మన పల్లెలలో సర్దార్జీ అంటే లారీ నడిపేవాడు, లేదా హైవే మీద ధాబా పెట్టుకున్నవాడు. ఇంకా చెప్పాలంటే, మనవారు నవ్వుకోవడానికి చెప్పుకొనే కథలలోని అమాయకుడు. ఆ కథలు చెప్పేవారిలో ఒక్కరు కూడా ఒక సర్దార్జీ ప్రక్కన కూర్చుండి అరగంట మాట్లాడి ఉండరని మా అనుమానం. మేము గోడ దగ్గర చోటు వెదుకుచుండగా తెల్లని గడ్డం, కాషాయపు తలపాగా గల ఒక పెద్దాయన జరిగి తన దుప్పటి మీద మాకు చోటిచ్చాడు. “కూసోండి అమ్మా, ఎండ తగులుతది” అన్నాడు. మోటారు విడిభాగాల దుకాణంలో నలుబది ఏండ్లు పనిచేశాడట. అత్తాపూరు దగ్గర, కిషన్‌బాగు ప్రక్కన సిఖ్ ఛావనీలో పుట్టాడు. అతని తండ్రీ, తాతా అక్కడే పుట్టారు. “పంజాబు మేము చుట్టపు చూపుకు పోయినట్టు పోతము సార్. అక్కడ మమ్ములను దక్ఖనీలు అంటరు, ఇక్కడ పంజాబీలు అంటరు” అని నవ్వాడు.

ఛావనీ అంటే సైన్యపు విడిది. ఈ పేరు వెనుక ఉన్న చరిత్ర మన బడి పుస్తకాలలో లేదు గనుక చెబుతాము. 1832 ప్రాంతంలో నిజాము రాజ్యంలో పన్నులు వసూలు కాక, కిరాయి సైనికుల అల్లరి అణగక, మంత్రి మహారాజా చందూలాలు పంజాబు నేలే మహారాజా రంజిత్‌సింగును సహాయం అడిగాడు. లాహోరు నుండి వెయ్యిమందికి పైగా సిక్కు సైనికులు బయలుదేరి వచ్చారు. లాహోరీ ఫౌజు అని వారికి పేరు. రైలు లేని కాలం. నెలల తరబడి నడక, గుఱ్ఱపు ప్రయాణం. పని అయిన తరువాత తిరిగి పోవచ్చును గాని పోలేదు. పదవ గురువు గోవిందసింగు 1708లో తనువు చాలించిన నాందేడు ఈ రాజ్యంలోనే ఉన్నది, 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రంలోనిదే. అక్కడి గురుద్వారమును రంజిత్‌సింగే ఆ సంవత్సరాలలో కట్టించాడు. ఒక ప్రక్క జీతం, ఒక ప్రక్క గురువు చివరి శ్వాస విడిచిన నేల. ఇక లాహోరు ఎందుకు? ఛావనీలో ఇండ్లు కట్టుకొని, పిల్లలను కని, ఉర్దూ, తెలుగు నేర్చుకొని ఇక్కడివారైపోయారు. దేశ విభజన తరువాత మరికొన్ని కుటుంబాలు వచ్చి కలిసినవి. రేమాండు సమాధి చూచి వచ్చినవారు ఛావనీ కూడా చూడవలెనని మా సలహా. అది సమాధి కాదు, బ్రతికి ఉన్నది.

ఇంతలో ఈల మ్రోగింది. మా మేనల్లుని జట్టు మలక్‌పేట పిల్లలది. అందులో ముసల్మానులు ఆరుగురు, హిందువులు నలుగురు, మావాడొకడు. మావాడు గోలు కాచేవాడు. ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తమంటే నడుము నొప్పి అనేవాడు, అక్కడ ఎఱ్ఱమన్ను మీద పొర్లి పొర్లి బంతిని పట్టుచున్నాడు. మోకాళ్ళ నిండా దోకుడు గాయాలు. మాలో ఒకరు ప్రతిసారి “అయ్యో ప్రభువా” అంటూనే ఉన్నారు. ఇంకొకరు మాత్రం చిన్ననాడు మిషను హాస్టల్లో వట్టి కాళ్ళతో ఆడిన ఆట గుర్తు వచ్చి, చెప్పవలసిన మాట కొంచెంసేపు మరచిపోయారు. మొదటి భాగం ముగిసేసరికి చెరొక గోలు.

విరామంలో పెద్దాయన చేయి చాచి పడమటి ప్రక్కకు చూపించాడు. “ఆ చాదర్‌ఘాట్ బడి ఉన్నది చూడండి, రహీము సాబు అందులోనే పంతులు” అన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీము పేరు కొందరు చదువరులైనా 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ చిత్రం వలన విని ఉంటారు. చిత్రాల సంగతి మాకు తెలియదు. మాకు ముచ్చటైనది, ఆయన మొదట బడిపంతులు కావడం. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ, మరికొన్ని బడులలోనూ పాఠాలు చెప్పాడు. తరువాత వ్యాయామ శిక్షణలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950లో నగర పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ సంవత్సరం మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయి రోవర్సు కప్పును మన పోలీసు జట్టే గెలిచింది. కలకత్తా జట్లంటే దేశమంతా వణికే రోజులవి.

ఆయన నేర్పిన విధానం పంతులు విధానమే. బంతిని తన దగ్గరనే పెట్టుకొని ముగ్గురిని తప్పించుకొని పోవాలనే దుగ్ధ ప్రతి పిల్లవానికీ ఉంటుంది. అది పోవాలని, బంతిని అట్టిపెట్టుకొని పరుగెత్తకూడదనే షరతుతో ప్రత్యేకంగా పోటీలు పెట్టాడు. బంతి వచ్చిన వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి. కుడికాలు వాటమున్నవాడు ఎడమకాలితోనే కొట్టాలనే పోటీలు పెట్టాడు. పొట్టివారికి వేరుగా పోటీలు పెట్టాడు, ఎత్తు లేనంత మాత్రాన మంచి ఆటగాడు మరుగున పడిపోకూడదని. గడ్డి లేని బస్తీ మైదానాలలో, బూట్లు లేని పిల్లల మధ్య ఇవన్నీ చేశాడు. పాఠం చెప్పేవారు ఎవరైనా ఈ మూడు ఉపాయాలను తీరిగ్గా ఆలోచించదగును. మేము ముప్పది ఏండ్లు బడిలో పనిచేశాము. వాటమైన చేయి కట్టేసి ఎడమచేతితో లెక్క చేయించినంత ధైర్యం మాకు కలుగలేదు.

దేశపు జట్టు ఆయన చేతిలో 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాల్గవ స్థానంలో నిలిచింది. ఆఖరిది 1962 జకార్తా. అక్కడే మన పెద్దాయన కండ్లు మెరిసినవి. ఎందుకంటే అక్కడ ఆయన కథానాయకుడు రహీము ఒక్కడే కాదు. పంజాబు హోషియార్‌పూర్ జిల్లా పనాం గ్రామస్థుడైన జర్నైల్‌సింగు కూడా. మాహిల్‌పూర్ ఖాల్సా కళాశాలలో చదివి, కలకత్తా మోహన్‌బగాన్ జట్టులో ఆడినవాడు. వెనుక నిలిచి గోలును కాపాడడం అతని పని. థాయిలాండుతో ఆడుచుండగా తల పగిలింది. కుట్లు పడినవి. తలకు దెబ్బ తగిలినవాడు వెనుక నిలిచి బంతిని తలతో తోయడం ప్రమాదం. రహీము ఏమి చేశాడంటే, అతనిని ఇంటికి పంపలేదు, వెనుక నిలుపనూ లేదు. అందరికంటె ముందు, గోలు కొట్టే స్థానంలో నిలిపాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో చివరి ఆట. ఏదో రాజకీయపు కోపంతో స్టేడియమంతా మనవారికి ఎదురు తిరిగి కేకలు వేస్తున్నది. పాకిస్తాను హాకీ జట్టు ఒక్కటే మనవారి ప్రక్క నిలిచి చప్పట్లు కొట్టిందని చెప్పుకుంటారు. మొదటి గోలు పి.కె. బెనర్జీ కొట్టాడు, రెండవది కట్టు కట్టుకున్న తలతో జర్నైల్‌సింగు. ఆట 2-1తో మనది. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారం మనకు మరల రాలేదు.

అప్పటికే రహీముకు ఆరోగ్యం చెడింది. క్యాన్సరు. 1963 జూన్ 11న కన్నుమూశాడు. “హైదరాబాదు ముసల్మాను పంతులు, పంజాబు సిక్కు పిల్లగాడు. ఆ ఇద్దరు లేకుంటే ఆ బంగారం ఎక్కడిది?” అన్నాడు పెద్దాయన. అతని లెక్కలో మిగిలిన పదిమందికి కొంచెం అన్యాయం జరిగింది గాని మేము వాదించలేదు.

రెండవ భాగం మొదలై పది నిమిషాలు అయి ఉంటుంది. మూల నుండి బంతి ఎత్తుగా వచ్చింది. సిక్కు జట్టులో పొడుగ్గా ఉన్న పిల్లవాడు తలతో కొట్టడానికి ఎగిరాడు. మావాడు పిడికిలితో తోసివేయడానికి ఎగిరాడు. ఇద్దరూ గాలిలోనే తగులుకొని క్రింద పడినారు. మావాని పిడికిలి బంతికీ తగిలింది, ఆ పిల్లవాని తలకూ తగిలింది. లేచేసరికి పట్కా ఊడి ప్రక్కన పడి ఉన్నది, ముడి విడిపోయి జుట్టంతా భుజాల మీదికి జారింది. మైదానంలో మాటలు ఆగిపోయినవి. ఆ పిల్లవాడు రెండు చేతులతో జుట్టు పట్టుకొని, నేల చూస్తూ, కూర్చున్న చోటనే ఉన్నాడు. దెబ్బ నొప్పి కాదు అది, చూచినవారికెవరికైనా తెలుస్తుంది.

మా ప్రక్కన పెద్దాయన లేవలేదు. దుప్పటి అంచు పట్టుకొని కూర్చున్నాడు. ఆ జట్టులో మధ్య ఆడేవాడు ఆయన చిన్న మనుమడు. “మా పెద్దవాడు ఇంతకంటె మంచిగ ఆడేటోడు. ఒక పోటీల రెఫరీ గుడ్డ తీసి రమ్మన్నడు. మావాడు తీయలే, బయటికి వచ్చిండు. అంతే, మళ్ళ బూటు తొడగలే” అని మెల్లగా అన్నాడు.

మావాడు ఆ గుడ్డను నేల మీద నుండి తీశాడు. దుమ్ము దులిపాడు. తన చేతులకు మన్ను ఉన్నదని చూచుకొని, చొక్కాకు తుడుచుకొని, గుడ్డను రెండు చేతులతో పట్టి ఇచ్చాడు. తరువాత ఎవరు చెప్పారో తెలియదు, మలక్‌పేట పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అతని చుట్టూ నిలువబడ్డారు. ముఖాలు బయటికి, వీపులు అతని వైపు. గోడ దగ్గరనున్న మాకెవ్వరికీ ఆ పిల్లవాడు కనబడకుండా పోయాడు. రెఫరీ గడియారం ఆపి నీళ్ళు త్రాగడానికి పోయినట్టు ప్రక్కకు పోయాడు. రెండు నిమిషాలు పట్టిందేమో. వలయం విడిపోయేసరికి నీలం గుడ్డ యథాప్రకారం బిగించి ఉన్నది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆట సాగింది.

ఈ గుడ్డ వలన ప్రపంచంలో చాలా గొడవ జరిగింది. కెనడా దేశంలో క్యుబెక్ రాష్ట్రపు ఫుట్‌బాల్ సమాఖ్య, తలపాగాతో ఆడరాదని సిక్కు పిల్లలను మైదానంలోకి రానివ్వలేదు. తల మీద గుడ్డ ఉంటే దెబ్బలు తగులుతాయని వాదన. 2013 జూన్‌లో కెనడా దేశపు సంఘం ఆ సమాఖ్యనే తాత్కాలికంగా వెలివేసింది. ప్రపంచ సంస్థ ఫీఫా కూడా తలపాగాకు అడ్డు లేదని తెలియజేయడంతో క్యుబెక్ వారు వెనుకకు తగ్గారు. మరుసటి సంవత్సరం, 2014 మార్చి 1న, ఆట నియమాలు నిర్ణయించే మండలి శాశ్వతంగా అనుమతి ఇచ్చింది. షరతులు కొన్నే. తలకు అంటుకొని ఉండాలి. నలుపు రంగుదో, చొక్కా రంగుదో అయి ఉండాలి. చొక్కాకు కుట్టి ఉండరాదు. ఎదుటివానికీ తనకూ ప్రమాదం లేకుండా ఉండాలి. కాలం గడిచిన తరువాత చూస్తే ఇంత చిన్న సంగతికి అంత తగవు ఎందుకా అనిపిస్తుంది. పెద్ద మనుమనికి మాత్రం ఆ రోజు ఎవరైనా ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే బాగుండేది.

ఎక్కడికి పోయినా సిక్కులు గురుద్వారముతో పాటు ఒక ఆటల జట్టు పెట్టుకుంటారు. ఇంగ్లాండులో గ్రేవ్స్ఎండ్ పట్టణంలోని గురునానక్ ఫుట్‌బాల్ క్లబ్బు 1965లో మొదలైనది. ఆస్ట్రేలియాలో సిక్కు క్రీడలు 1988లో అడిలైడు పట్టణంలో ఆరంభమై ఏటేటా ఊరు మారుతూ వచ్చినవి. దేవుని ఆరాధించే చోట ఆట ఏమిటని మన పెద్దలు కొందరు అనవచ్చును. ఇంగ్లాండులో పేరుమోసిన ఎవర్టన్ జట్టు 1878లో ఒక మెథడిస్టు సంఘపు యువకులు పెట్టుకున్నదే. సౌతాంప్టన్ జట్టు 1885లో సెయింట్ మేరీ చర్చి యువజనులది. స్కాట్లాండులో గ్లాస్గో నగరపు సెల్టిక్ జట్టును 1887లో ఒక క్యాథలిక్ బ్రదరు స్థాపించింది పేద పిల్లల అన్నానికి డబ్బు సమకూర్చడానికి. మన సంఘాలలో యువజనులు కనబడటం లేదని ప్రతి కమిటీలోనూ బాధపడతాము. వారు ఎక్కడ ఉన్నారో శనివారం సాయంత్రం ఒకసారి పోయి చూడవచ్చును.

మా కథకు వస్తే, మలక్‌పేట జట్టు ఓడిపోయింది. చివరిలో ఒక బంతి మావాని చేతి వ్రేళ్ళకు తగిలి లోపలికి పోయింది. 2-1. వాడు గోలు స్తంభానికి ఆనుకొని కొంచెంసేపు నిలువబడినాడు. తరువాత అందరితో చేతులు కలిపాడు.

అప్పటికే ఛావనీ నుండి వచ్చిన ఆడవారు పెద్ద గిన్నెలు దించారు. రొట్టెలు, పప్పు, పాయసం. గోనెపట్టాలు పరచి, గెలిచినవారినీ ఓడినవారినీ వేరు చేయక ఒకే వరుసలో కూర్చుండబెట్టారు. వడ్డించేవారు తలలు కప్పుకొని, ఎవరు ఏ ఇంటివారని అడుగక, రొట్టెను అందించితే రెండు చేతులూ పట్టుమన్నారు. బఠాణీల ముసలివానిని కూడా పిలిచారు. రెఫరీ మా ఎదురుగా కూర్చున్నాడు. మేము కండ్లు మూసుకొని కృతజ్ఞత చెప్పుకొని తిన్నాము. మేము తలయెత్తే వరకు పెద్దాయన తన రొట్టె త్రుంచలేదు.

హాస్టలు దాకా మావానితో కలిసి నడిచాము. చెప్పవలసిన మాట చెప్పాము. తండ్రి అన్నది దాచకుండ, బర్రె సంగతితో సహా చెప్పాము. తలవంచుకొని విన్నాడు. గదిలోకి పోయి మూడు నెలల పరీక్ష చీటీలు తెచ్చి చూపించాడు. లెక్కలలో తగ్గలేదు, భౌతిక శాస్త్రంలో మాత్రం పన్నెండు మార్కులు తగ్గినవి. ఆదివారం ప్రొద్దుటి ఆరాధనకు పోతున్నాడట, ఆ రోజు ఆట మూడు గంటల తరువాతనేనట. “జనవరి ఒకటి నుంచి బంతి ముట్టను మామా. అప్పటిదాక ఆడనీయమని బాపుతో చెప్పుండ్రి” అన్నాడు. మేము సరే అనలేదు, కాదనలేదు.

“ఆ గుడ్డ సంగతి నీకెవరు చెప్పారురా?” అని అడిగాము.

“ఎవరు చెప్పలే అత్తమ్మా. వాళ్ళు కట్టుకునేటప్పుడు చూసిన. మనం బైబిలు పట్టుకున్నట్టు పట్టుకుంటరు. కింద పెట్టరు” అన్నాడు.

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు అయింది. తమ్ముడు మా కోసం మేలుకొనే ఉన్నాడు, మొదటి గంటకే ఫోను ఎత్తాడు. చూచినదంతా చెప్పాము. పన్నెండు మార్కులు చెప్పాము, మోకాలి గాయాలు చెప్పాము, ఆ పిల్లవాడూ పట్కా చెప్పాము, జనవరి గడువు కూడ చెప్పాము. చాలాసేపు అవతల మాట లేదు. గాలికి రేకుల చప్పుడు వినబడుచున్నది.

“గెలిచిండా?” అని అడిగాడు.

ఓడిపోయాడని చెప్పాము. వచ్చే శనివారం మూడవ స్థానానికి ఇంకొక ఆట ఉన్నదనీ, వీలైతే వచ్చి కండ్లారా చూచి, తన మాట తానే వానికి చెప్పుకోమనీ అన్నాము. పత్తి ఇంకా ఒక ఏరుడు మిగిలి ఉన్నదట, కూలీలు దొరకడం లేదట. శుక్రవారం నాటికి అయిపోతే చూస్తానన్నాడు.